ఒక్క ఫ్లిప్పరే నీరసపడుతుంటే కొత్త కాయిల్ కొనకండి

ప్రశ్న ఇదీ: "అన్నా, చెన్నై షోళింగనల్లూర్‌లో ఉంటున్నాం. అమెరికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంటి సామానుతో పాటు పిన్‌బాల్ మెషిన్ కూడా తెచ్చుకున్నాను. ఎల్‌సీడీ తెర ఉన్న కొత్త రకం, వయసు ఐదేళ్లు. ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతున్నాను. ఇరవై నిమిషాలు ఆడేసరికి ఎడమ ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే బంతిని కొట్టే రెక్క) నీరసపడి బంతి ర్యాంప్ ఎక్కడం లేదు. అప్పుడప్పుడు ప్లేఫీల్డ్ (బంతి తిరిగే పలక) కుడివైపు లైట్లన్నీ ఒక సెకను ఆరి మళ్లీ వెలుగుతున్నాయి. బలమైన కాయిల్స్, మెషిన్‌ని వణికించే షేకర్ మోటార్, మంచి స్పీకర్లు, నీడలు పడని గ్లాసు వేయిద్దామని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు? ఇక్కడే ఒకాయన 1990ల నాటి మెషిన్ అమ్ముతున్నాడు, అదీ తీసుకోవచ్చా?"

కాయిల్స్ ఇప్పుడే కొనకండి. మీరు రాసిన చిట్టాలో ఏదీ ఈ నెల కొనకండి. మీ రెండు జబ్బులూ బహుశా ఆ చిట్టాలోని పార్టులతో పోయేవి కావు. ఒకటి రాపిడి, రెండోది లూజ్ కాంటాక్ట్ లేదా కరెంటు. వాటి మీద షేకర్ మోటార్ బిగిస్తే జ్వరంతో ఉన్నవాణ్ణి డాన్సు చేయమన్నట్టు ఉంటుంది.

నాది నెల్లూరు. చెన్నై వచ్చి ఇరవై రెండేళ్లయింది. మాల్స్‌లో గేమ్ మెషిన్లు రిపేరు చేస్తూ మొదలుపెట్టి, ఇప్పుడు ఎక్కువగా మీలాంటివాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. మెషిన్ ఎంత కొత్తదైనా, వెనక డబ్బాలో ఎంత కంప్యూటర్ ఉన్నా, నా చేతికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం కదిలే ఇనుము, కదిలిపోయిన కనెక్టర్లే. కంప్యూటర్ పాడవడం అరుదు.

ముందు ఫ్లిప్పర్. వేడెక్కితే ఫ్లిప్పర్ నీరసపడటం ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నదే. కాయిల్ అంటే రాగితీగ చుట్ట. కరెంటు పారగానే అయస్కాంతమై ప్లంజర్ అనే ఇనుప కడ్డీని లోపలికి లాగి ఫ్లిప్పర్‌ని కదుపుతుంది. రాగి ఒక్క డిగ్రీ వేడెక్కితే రెసిస్టెన్స్ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 4 ఓములు చూపించే కాయిల్ 90 డిగ్రీలకు చేరితే 4.9 ఓములు చూపిస్తుంది. వోల్టేజీ అంతే కాబట్టి కరెంటు దాదాపు ఐదో వంతు పడిపోతుంది. లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక కాగితం మీద లెక్కేస్తే మూడో వంతు బలం పోయినట్టు. ఇనుము అయస్కాంతశక్తికి ఒక హద్దు (సాచురేషన్) ఉంటుంది కాబట్టి నిజంగా అంత పోదు, కానీ ర్యాంప్ ఎక్కే బంతికి, ఎక్కని బంతికి తేడా తేవడానికి అది చాలు. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో పెడితే మీ కాయిల్ ఆట మొదలవకముందే 36, 37 దగ్గర ఉంటుంది.

అయితే ఈ వేడి లెక్క రెండు ఫ్లిప్పర్లకూ ఒకటే. మీకు ఎడమదే నీరసపడుతోంది. రెండిటికీ సాధారణంగా ఒకే రకం కాయిల్, ఒకే సప్లై. ఒక్కటే అలసిపోతోందంటే ఆ ఒక్కదాని దారిలో ఏదో అడ్డుపడుతోంది, లేదా దానికొక్కదానికే కరెంటు సరిగ్గా అందట్లేదు. ఇంకో చిన్న అనుమానం కూడా ఉంది. బంతిని ఎడమ ఫ్లిప్పర్ మీద ఆపి పెట్టుకుని తీరిగ్గా ఆలోచించే అలవాటు ఉందా మీకు? కొత్త మెషిన్లలో ఫ్లిప్పర్ కాయిల్‌కి చాలావరకు ఒకే చుట్ట. బటన్ నొక్కగానే కొన్ని పదుల మిల్లీసెకన్లు పూర్తి కరెంటు, తర్వాత పైకి నిలబెట్టడానికి చిన్న చిన్న పల్సులు. ఆ పల్సులు తక్కువే అయినా నిమిషాల తరబడి పట్టుకుంటే అదీ వేడే. నా కస్టమర్ ఒకాయన ఫోన్ మాట్లాడుతూ బంతిని ఫ్లిప్పర్ మీద ఆపేసేవాడు. వాళ్ల అత్తగారి ఫోనైతే ఫ్లిప్పర్ పని ఆ సాయంత్రానికి అయిపోయినట్టే.

ఇప్పుడు విప్పి చూద్దాం. ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే సరిపోదు. కాయిన్ డోర్ తెరిస్తే కాయిల్స్‌కి వెళ్లే పెద్ద వోల్టేజీ ఆగిపోయే స్విచ్ చాలా మెషిన్లలో ఉంటుంది, కానీ దాని మీద ప్రాణం పెట్టుకోనక్కర్లేదు. గ్లాసు తీసి గోడకు కాదు, మంచం మీద పరుపుపై పడుకోబెట్టండి. టఫెన్డ్ గ్లాసు ముఖం మీద కొడితే తట్టుకుంటుంది, టైల్స్ మీద అంచు ఆనిస్తే చాలు, పలుకులైపోతుంది. బంతులన్నీ బయటికి తీశాకే ప్లేఫీల్డ్ ఎత్తండి. ఒక్కటి లోపల మర్చిపోయినా అది జారుతూ వెళ్లి వెనక ఏదో ఒక ప్లాస్టిక్ విరగ్గొడుతుంది. 27 మిల్లీమీటర్ల బంతి, 80 గ్రాముల ఉక్కు అది.

ఎడమ ఫ్లిప్పర్‌ని కింద నుంచి వేలితో పైకి నెట్టి వదలండి. కుడిదాన్నీ అలాగే చేయండి. రెండూ ఒకే రకంగా టక్కుమని వెనక్కి రావాలి. ఎడమది బద్ధకంగా వస్తే సగం జవాబు దొరికినట్టే. తర్వాత ఫ్లిప్పర్‌ని పట్టుకుని నిలువుగా పైకీ కిందకీ కదపండి. కొంచెం ఆట ఉండాలి, పోస్టుకార్డు మందం కంటే కాస్త ఎక్కువ. అసలు లేకపోతే లోపలి నైలాన్ బుషింగ్‌ని ఒరుసుకుంటోంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, వేడెక్కి బలం తగ్గగానే ఆ రాపిడి బయటపడుతుంది. ఇరవై నిమిషాల తర్వాతే రావడానికి కారణం ఎక్కువగా ఇలాంటిదే.

తర్వాత కాయిల్ స్టాప్, అంటే ప్లంజర్ వచ్చి కొట్టుకునే ఇనుప ముక్క. దాని స్క్రూలు చాలాసార్లు వదులై ఉంటాయి. బిగించేముందు విప్పి ప్లంజర్ కొస చూడండి. వేల దెబ్బలు తిన్న ప్లంజర్ కొస, సుత్తి దెబ్బలు తిన్న ఉలి తలలా అంచులు విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న అంచే లోపలి నైలాన్ స్లీవ్‌ని (ప్లంజర్ తిరిగే గొట్టాన్ని) గీరుతూ వెళ్తుంది. ప్లంజర్, లింకు, స్లీవ్, స్టాప్, స్ప్రింగ్ కలిపి రీబిల్డ్ కిట్ అని వస్తుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న పార్ట్ నంబరుకి సరిపోయేది తెప్పించుకోండి. దాని ఖర్చు కొత్త కాయిల్ కంటే పెద్ద ఎక్కువేం కాదు, పని మాత్రం పదింతలు చేస్తుంది. రెండు వైపులా ఒకేసారి వేయండి. ఎడమకి ఒక్కదానికే వేస్తే ఇప్పుడు కుడిది నీరసంగా ఉందని నాకే రాస్తారు.

ఈ పనికి చెన్నైలో పెద్ద చిక్కు పనిముట్లది. అమెరికా మెషిన్లు అంగుళాల కొలతల్లో ఉంటాయి. 5/16 నట్టుకి మన 8 ఎంఎం రెంచి బాగానే కూర్చుంటుంది. 11/32 నట్టుకి మాత్రం 8 ఎక్కదు, 9 జారుతుంది. జారే రెంచితో నట్టు మూలలు అరగ్గొట్టాక మీరు పిలిస్తే, నేను వచ్చి ఆ నట్టుతో ఒక గంట కుస్తీ పట్టి ఆ గంటకూ చార్జి తీసుకుంటాను. అంగుళాల నట్ డ్రైవర్ సెట్టు ఒకటి కొనండి. మీ చిట్టాలో లేని మొదటి అప్‌గ్రేడ్ అదే.

అన్నిటికంటే ముఖ్యం, నూనె వేయకండి. స్లీవ్ లోపల ప్లంజర్ పొడిగా తిరగాలని దాన్ని అలా చేశారు. పోయిన ఏడాది తిరువాన్మియూర్‌లో ఒక ఇంటికి వెళ్లాను. ఫ్లిప్పర్ బిగుసుకుందని ఇంట్లో పని చేస్తున్న వడ్రంగి కుట్టుమిషన్ నూనె పోశాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా ఆడిందట. మూడో వారం నేను స్లీవ్ బయటికి లాగితే, నల్లటి జీడిపాకంలా సాగుతూ వచ్చింది. నూనెలో ఇనుప రజను, దుమ్ము, రబ్బరు పొడి కలిసి ముద్దయింది. ప్లంజర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్లీవ్ పారేసి కొత్తది వేస్తే అయిపోయింది. వడ్రంగి పక్కనే నిలబడి చూసి, "నూనె మంచిదే సార్" అన్నాడు. నూనె మంచిదే, చోటే తప్పు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఎడమది నీరసపడితే, అప్పుడు ఫ్లిప్పర్ పూర్తిగా లేచినట్టు చెప్పే ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్, కాయిల్ కాళ్ల దగ్గర సోల్డర్ చూడండి. ఓడలో కంటైనర్‌లో రెండు నెలలు కుదుపులు తిన్న మెషిన్ కదా, సోల్డర్ జాయింట్‌కి సన్నటి పగులు వస్తుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది. టార్చి ఏటవాలుగా వేస్తే కాలు చుట్టూ వెంట్రుకలాంటి వలయం కనిపిస్తుంది.

ఇక కుడివైపు లైట్లు ఆరిపోవడం. దీన్ని అర్థం చేసుకోవాలంటే కొత్త మెషిన్లు ఎలా మారాయో ఒక ముక్క తెలియాలి. 1990లలో విలియమ్స్ లాంటి కంపెనీల మెషిన్లలో బోర్డులన్నీ వెనక డబ్బాలోనే ఉండేవి. ప్రతి కాయిల్‌కి, ప్రతి స్విచ్‌కి, ప్రతి బల్బుకి అక్కడి నుంచే తీగ. లోపల చూస్తే పెళ్లిమండపానికి తెచ్చిన పూలదండల మోపులా ఉండేది. విలియమ్స్ 1999లో పిన్‌బాల్ వదిలేసింది. అదే ఏడు స్టెర్న్ పిన్‌బాల్ పుట్టింది. వాళ్లు 2015లో స్పైక్ అనే పద్ధతి తెచ్చారు. ప్లేఫీల్డ్ అడుగునే చిన్న చిన్న నోడ్ బోర్డులు పెట్టి, చుట్టుపక్కల ఉన్న లైట్లు, స్విచ్‌లు, కాయిల్స్‌ని దగ్గర్లోని నోడ్ చూసుకునేలా చేశారు. నోడ్‌ల మధ్య మాటలకి ఈథర్నెట్ తీగలా కనిపించే కేబుల్. కాయిల్స్‌కి 48 వోల్టులు. తీగలు తగ్గాయి, బరువు తగ్గింది, ఫ్యాక్టరీలో పని తేలికైంది. ఇప్పుడు చాలామంది తయారీదారులు ఏదో ఒక రకంగా ఇలా పని పంచే బోర్డులే వాడుతున్నారు.

అందుకే మీకు ఒక వైపు లైట్లన్నీ కలిసికట్టుగా ఆరుతున్నాయి. ఒక్క ఎల్‌ఈడీ పోతే ఒక్కటే పోతుంది. ఒక పేట మొత్తం చీకటైతే ఆ పేట ట్రాన్స్‌ఫార్మర్ చూస్తాం కదా, ఇక్కడ ఆ పేటకి నోడ్ బోర్డు. అది ఒక్క క్షణం కరెంటు అందక గానీ, మాట అందక గానీ రీసెట్ అయి లేస్తోంది. రెండిట్లో ఏదో తెలుసుకోవడం తేలిక. ఎప్పుడు ఆరుతోందో గమనించండి. రెండు మూడు కాయిల్స్ ఒకేసారి కొట్టినప్పుడు, మల్టీబాల్‌లో (ఒకేసారి చాలా బంతులు ఆడేటప్పుడు) బంతులన్నీ బంపర్ల మధ్య ఉన్నప్పుడు ఆరితే కరెంటు కుంగుతోంది. ఏ కాయిలూ కొట్టకుండా, మెషిన్‌ని పక్కకి నెట్టినప్పుడు ఆరితే కనెక్టర్.

కనెక్టర్‌కి పరీక్ష ఇలా చేయండి. మెనూలో లైట్ టెస్ట్ పెట్టి, ప్లేఫీల్డ్ ఎత్తి, కర్ర గరిటె పిడితో ఆ నోడ్‌కి వచ్చే ఒక్కో కనెక్టర్‌ని మెల్లగా అటూ ఇటూ కదపండి. స్క్రూడ్రైవర్‌తో చేయొద్దు. ఏది కదిపితే లైట్లు ఆరాయో అదే దొంగ. ప్లగ్ పీకి, దాన్ని ఊడదీసి పిన్నులు చూడండి. మీ ఇంటి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. ఈశాన్య ఋతుపవనాల రోజుల్లో కిటికీలు తెరిచి పెడితే ఉప్పుగాలి రాగి, ఇత్తడి, తగరం దేన్నీ వదలదు. పిన్ను మీద తెల్లటి పొడో, పచ్చటి చిలుమో ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగైదుసార్లు పెట్టి తీయండి. ఉప్పుకాగితం వాడకండి, పైపూత పోతే చిలుము రెట్టింపు వేగంతో వస్తుంది. నల్లగా మాడి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, ఆడ మగ రెండు వైపులా మార్చాలి. మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌లో 2.54, 3.96 ఎంఎం కనెక్టర్లు దొరుకుతాయి. కొనేటప్పుడు తీగని నొక్కి బిగించే క్రింప్ పిన్ను అడగండి, క్రింపింగ్ టూల్ కూడా సరైనది ఉండాలి. ముక్కుపటకారుతో నొక్కిన క్రింపు ఆరు నెలలు మర్యాదగా ఉండి, ఏడో నెలలో చెయ్యిస్తుంది.

నోడ్ మాటల కేబుల్ చూడటానికి ఇంటర్నెట్ తీగలాగే ఉందని ఆ సాకెట్లో రౌటర్ గుచ్చొద్దు. నవ్వకండి, గుచ్చినవాళ్లు ఉన్నారు.

కరెంటు కుంగుతోంది అనుకుంటే మీ స్టెప్‌డౌన్ డబ్బా దగ్గరికి వద్దాం. ముందు మెషిన్ పవర్ సప్లై మీద చీటీ చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే స్టెప్‌డౌన్ అసలు అక్కర్లేదు, ప్లగ్ మారిస్తే చాలు. కొన్నిట్లో 115, 230 మధ్య మార్చే స్విచ్ ఉంటుంది. ఇంకొన్నిట్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్ ప్లగ్ మార్చాలి. మార్చాక వోల్టేజీ ఉప్పెన తినే వేరిస్టర్ ఏ రేటింగ్‌దో కూడా చూడాలి. అమెరికాకి వెళ్లే మెషిన్లో 120 వోల్టులకు సరిపోయే వేరిస్టర్ ఉంటే, దాన్ని 230 మీద పెట్టగానే డప్పుమని పేలి ఫ్యూజు పోతుంది. గదిలో కాలిన వాసన, ఇంట్లో అందరి ముఖాల్లో టెన్షన్. చాలాసార్లు నష్టం అక్కడితో ఆగుతుంది. ఆగని రోజులూ ఉంటాయి.

చీటీ మీద 115 లేదా 120 మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ తప్పదు. మెషిన్ వెనక రాసి ఉన్న ఆంపియర్లని వోల్టులతో గుణించి, దానికి ఒకటిన్నర రెట్లు వీఏ ఉన్నది తీసుకోండి. మిక్సీ కోసం అమ్మే చిన్న డబ్బా మామూలు ఆటలో నడిపిస్తుంది, మల్టీబాల్‌లో చేతులెత్తేస్తుంది. ఇంకోటి, బజార్లో చవకగా వచ్చే చాలా స్టెప్‌డౌన్‌లకి అవుట్‌పుట్ వైపు రెండు చిల్లులే ఉంటాయి, ఎర్త్ ఉండదు. ఇది చాలా పెద్ద తప్పు. మెషిన్ లోపలి లైన్ ఫిల్టర్ వల్ల ఎర్త్ లేని బాడీ మీద కొంత వోల్టేజీ తేలుతుంది. వట్టి కాళ్లతో నేల మీద నిలబడి ముందున్న స్టీలు లాక్‌బార్ మీద చెయ్యి పెడితే చిమచిమలాడుతుందా మీకు? అలా ఉంటే ఈ రాత్రి పిల్లల్ని ఆడనివ్వకండి. మీటర్‌తో సాకెట్లో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య కొలవండి. ఒకటి రెండు వోల్టులు ఉంటే బాగుంది. పది దాటితే మెషిన్ మెకానిక్‌ని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఇన్వర్టర్ మీద నడుపుతారా అంటే, ప్యూర్ సైన్‌వేవ్ అయితే పర్వాలేదు. పాత రకం చతురస్రపు అలల ఇన్వర్టర్ మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మెషిన్ తేనెపట్టులా జుమ్మంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే పది నిమిషాలు మాత్రం దేనిమీదైనా సరే బ్యాకప్ ఉంచుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి లోపలి కార్డుకి రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఆ కార్డుని మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది.

కొత్తవి నమ్మకమైనవా, పాతవా అని మీరు సూటిగా అడగలేదు గానీ ఆ రెండో మెషిన్ ప్రశ్న వెనక ఉన్నది అదే. నా లెక్కలో కొత్తవి తక్కువసార్లు ఆగుతాయి. బల్బుల్లేవు, వేడి తక్కువ, తనే లోపాలు చెబుతుంది, ఏ స్విచ్ చాలాసేపటి నుంచి మాట్లాడలేదో మెనూలో రాసి పెడుతుంది. ఆగినప్పుడు మాత్రం కష్టం. పాత బోర్డులో టిప్102 ట్రాన్సిస్టర్ పోతే రిచీ స్ట్రీట్‌లో టీ డబ్బులకు తెచ్చి అరగంటలో మార్చేవాణ్ణి. కొత్త నోడ్ బోర్డు మీద భాగాలు బియ్యపు గింజల్లా అతికి ఉంటాయి. మార్చగలను, కళ్లద్దాలు, హాట్ ఎయిర్, ఓపిక కావాలి. ఎక్కువమంది బోర్డే మారుస్తారు. బోర్డు సముద్రం దాటి వచ్చేసరికి మీ వేసవి సెలవులు అయిపోతాయి. అందుకే కొత్త మెషిన్‌కి నేను చెప్పే బీమా ఒకటే: మీ మోడల్‌లో ఎక్కువచోట్ల వాడిన నోడ్ బోర్డు ఒకటి, రీబిల్డ్ కిట్ ఒకటి, ఫ్యూజులు, రబ్బర్లు ముందే తెప్పించి బీరువాలో పెట్టుకోవడం.

మీ అప్‌గ్రేడ్‌ల గురించి. బలమైన కాయిల్ వద్దేవద్దు. తక్కువ చుట్ల కాయిల్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటు మోయాల్సింది నోడ్ బోర్డు మీది చిన్న మోస్‌ఫెట్ ట్రాన్సిస్టర్. అది మోసినా, బంతి వేగం పెరిగి ర్యాంప్ మూతి ప్లాస్టిక్‌లు, టార్గెట్లు విరుగుతాయి. బలం పెంచాలంటే చాలా మెషిన్ల మెనూలో ఫ్లిప్పర్ పవర్ సెట్టింగ్ ఉంది. రెండు మెట్లు పెంచి చూడండి, అదీ రీబిల్డ్ అయ్యాకే. వేడి తగ్గించడానికి కాయిల్స్ దగ్గర చిన్న ఫ్యాన్లు పెట్టే కిట్లు వస్తాయి. ఏసీ లేని గదిలో వాటివల్ల లాభం ఉంది. ఏసీ ఉంటే డబ్బు దండగ.

షేకర్ మోటార్ సరదాగానే ఉంటుంది, నాకిష్టమే. కానీ మీది ఎన్నో అంతస్తు? కింది ఇంటివాళ్లకి రాత్రి పదింటికి కప్పు గురకపెడితే అసోసియేషన్ వాట్సాప్‌లో మీ పేరు వస్తుంది. కాళ్ల కింద రబ్బరు కప్పులు వేసి, షేకర్ బలం కనిష్ఠం దగ్గర పెట్టండి. షేకర్ పెట్టిన మెషిన్‌కి మూడు నెలలకోసారి అడుగున స్క్రూలన్నీ తడిమి చూడాలి, వదులయ్యేది అన్నిటికంటే ముందు కనెక్టర్లే. మీకు ఇప్పుడున్న జబ్బు అదే కావొచ్చు కదా.

గ్లాసుకి రెండు మాటలు. మామూలు వెడల్పు మెషిన్‌కి గ్లాసు 21 అంగుళాలు బై 43, మందం 3/16 అంగుళం, అంటే 4.76 ఎంఎం. ఇక్కడ కోయించేది 5 ఎంఎం. కొన్ని మెషిన్ల గాడిలో పోతుంది, కొన్నిట్లో బిగుస్తుంది. టఫెనింగ్ చేశాక కోయడం కుదరదు కాబట్టి ముందు ఒక 5 ఎంఎం ముక్క గాడిలో పెట్టి చూసుకోండి. టఫెన్డ్ కాని అద్దం మాత్రం ఎంత చవకైనా పెట్టకండి, దాని కింద పిల్లల చేతులుంటాయి. స్పీకర్లు మీ ఇష్టం, ఓములు చూసుకోండి, అంతే.

మీ చిట్టాలో లేనిది, నేను మొదట కొనేది బంతులు. ఐదేళ్ల బంతిని గోటితో గీరి చూడండి. గరుకు తగిలితే అది ఉప్పుకాగితంలా రోజూ మీ ప్లేఫీల్డ్ మీద తిరుగుతోందని అర్థం. చెన్నైలో ఊరెళ్లేటప్పుడు బంతులు తీసి పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి. పది రోజులు తడిగాలిలో ఒకేచోట కూర్చున్న బంతికి కింద తుప్పు మచ్చ పడుతుంది. అయస్కాంతాలున్న మెషిన్లలో బంతులు అయస్కాంతమై ఒకదానికొకటి అంటుకుంటాయి కూడా, అప్పుడు బంతి బయటికి రాక మెషిన్ వెతుక్కుంటూ ఉంటుంది. వాటినీ మార్చాల్సిందే.

ఇక ఆ 1990ల మెషిన్. చూడటానికి వెళ్లినప్పుడు ముందు వెనక డబ్బా తీయించి సీపీయూ బోర్డు చూడండి. విలియమ్స్ డబ్ల్యూపీసీ రకమైతే దాని మీదే మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి, స్కోర్లు గుర్తుపెట్టుకోవడానికి. మర్చిపోయిన సెల్స్ కారి చుట్టూ పచ్చగా పాకి ఉంటే, అది సాకెట్ల దాకా వెళ్లిందా లేదా అన్నదే ధర. వెళ్లకపోతే సెల్స్ అక్కర్లేని ఎన్వీర్యామ్ చిప్ వేసి ఆ భయం శాశ్వతంగా వదిలించుకోవచ్చు. పాత మెషిన్‌కి అంతకంటే మంచి అప్‌గ్రేడ్ లేదు. తెర మీద క్రెడిట్స్ అన్న మాట పక్కన చుక్క ఉందేమో చూడండి. ఉంటే మెషిన్ తనకి తానే ఏదో లోపం రాసుకుందని. అమ్మేవాళ్లు ఆ చుక్క గురించి చెప్పరు. తర్వాత మామూలు లైట్ల కనెక్టర్. మాడి గోధుమరంగుకి మారి ఉంటుంది. 44 నంబరు బల్బు ఒక్కోటి 250 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 47 నంబరుది 150. ఎల్‌ఈడీ అయితే అందులో చిన్న భాగం. పాత మెషిన్‌కి ఎల్‌ఈడీ వేయమని అందుకే చెప్తాను, అందం కోసం కాదు. నారింజ రంగు ప్లాస్మా తెర మసకబారి ఉంటే బేరంలో తగ్గించండి. ఆ తెరకి వంద దాటిన వోల్టులు వెళ్తాయి, మీరు మాత్రం దాన్ని ముట్టుకోకండి.

ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. పాత మెషిన్లు తేలిక అన్నాను గానీ, మొదటి రోజుల్లో నేనే ఒకదాన్ని కాల్చాను. కాయిల్ మార్చి, దాని కాళ్ల మధ్య ఉండే 1ఎన్4004 డయోడ్‌ని తిరగేసి సోల్డర్ చేశాను. గీత ఉన్న వైపు కరెంటు వచ్చే కాలికి ఉండాలి. నేను అవతలి కాలికి పెట్టాను. బటన్ నొక్కిన మొదటి దెబ్బకే డ్రైవర్ ట్రాన్సిస్టర్ పోయింది. దాన్ని మార్చి, డయోడ్ చూడకుండా మళ్లీ నొక్కాను. రెండోదీ పోయింది. మూడోది వేసేముందు మా గురువుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. మీరు సోల్డరింగ్ బాగా చేస్తారంటే ఆ మెషిన్ తీసుకోండి. లేదంటే ఒక్క మెషిన్ మీద ముందు చెయ్యి తిప్పుకోండి, ఆయన మెషిన్ ఎక్కడికీ పోదు. పిన్‌బాల్ కొనేవాళ్లు ఈ ఊళ్లో క్యూ కట్టి ఏం లేరు.

ఈ వారాంతం ఎడమ కాయిల్ స్టాప్ విప్పినప్పుడు ప్లంజర్ కొస, స్లీవ్ లోపల, రెండిటి ఫోటోలూ పక్క నుంచి వెలుతురు పడేలా తీసి పెట్టండి. స్టెప్‌డౌన్ అవుట్‌పుట్‌కి మూడు చిల్లులా రెండా అన్నది మాత్రం ఇవాళే చూసి చెప్పండి.